రిటైరయ్యాక మీకు పట్టుకున్న చిన్న పిచ్చి ఏంటి? (చెన్నైలో ఉన్నవాళ్ళు చెప్పండి)

విల్లివాక్కం వాసి · సోమవారం, ఉదయం 6:10

అందరికీ నమస్కారం. బ్యాంకు ఉద్యోగం ముగించుకుని ఇంట్లో కూర్చున్నాను. ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ "ఇప్పుడు కాలక్షేపం ఎలా?" అంటారు. జవాబు చెప్పేలోపే వాళ్ళే వాకింగ్, యోగా, మనవలు, తీర్థయాత్రలు, షేర్లు అని జాబితా చదివేస్తారు. అవి చెడ్డవని కాదు. నేను అడిగేది వేరు. ఉద్యోగం రోజుల్లో "దీని సంగతేంటో ఎప్పుడైనా చూడాలి" అనుకుని వదిలేసినవి ఉంటాయి కదా. పైసా రానివి, ఎవరికీ పనికిరానివి. అలాంటిది మీలో ఎవరికి పట్టుకుంది?

నాది వాన. టీవీలో నుంగంబాక్కంలో ఇంత, మీనంబాక్కంలో ఇంత అంటారు. మా విల్లివాక్కం ఊసే ఉండదు. అందుకని డాబా మీద నేనే కొలుస్తున్నాను. పైనా కిందా ఒకే వెడల్పు ఉన్న సీసా, పక్కన ఒక స్కేలు, అంతే. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకి ఒక లీటరు నీళ్ళు. ఈ లెక్క తెలిశాక మనిషి మామూలుగా ఉండలేడు. వంద చదరపు మీటర్ల డాబా మీద 50 మిల్లీమీటర్లు పడితే 5,000 లీటర్లు! వేసవిలో ట్యాంకర్ కోసం బతిమాలుకునేది దాదాపు ఇంత నీళ్ళకే. తమిళనాడులో 2003 నుంచి ప్రతి ఇంటికీ వాననీటి గుంట తప్పనిసరి చేశారు కానీ, మా అపార్ట్‌మెంట్‌లో ఆ గొట్టం ఎక్కడ దిగుతుందో కనుక్కోవడానికే నాకు చాలా రోజులు పట్టింది.

పెరంబూరు లోకో · సోమవారం, ఉదయం 7:02

ఐసీఎఫ్‌లో రైలు పెట్టెలు కట్టి బయటికొచ్చినవాణ్ణి. ముందు వాన సంగతి. ఉదయం 8:30కే కొలవండి సార్. వాతావరణ శాఖ వాళ్ళు 24 గంటల లెక్క మూసేది అప్పుడే. మీరు ఆరింటికి లేచి కొలిస్తే ఆ అంకెని వాళ్ళ అంకెతో పోల్చలేం. ఇంకోటి, సీసాని పిట్టగోడకి ఆనించి పెట్టొద్దు. గోడ ఎంత ఎత్తుందో దానికి రెండింతల దూరంలో పెట్టాలి. లేకపోతే గాలివాన వచ్చినప్పుడు సగం వాన గోడే తాగేస్తుంది.

నా పిచ్చి టైము. రైల్వేలో పనిచేసినవాడికి అదేం వింత అనకండి, నాది పాత టైము. 1905-06లో ఇండియన్ స్టాండర్డ్ టైమ్ వచ్చేదాకా మన రైళ్ళు మద్రాసు టైముతో నడిచాయి. ఆ టైము నుంగంబాక్కంలో నక్షత్రాలు చూసే అబ్జర్వేటరీది. ఇప్పటి గడియారం కంటే సుమారు తొమ్మిది నిమిషాలు వెనక. ఎందుకంటారా? దేశం మొత్తానికి టైము చెప్పే 82.5 డిగ్రీల రేఖ కాకినాడకి కాస్త తూర్పుగా పోతుంది. చెన్నై 80.25 దగ్గర ఉంది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది కాబట్టి రెండుంపావు డిగ్రీలకి తొమ్మిది నిమిషాలు.

ఇది పుస్తకంలో చదివి ఊరుకుంటే పిచ్చి ఎందుకవుతుంది? డాబా మీద ఒక ఇనుప కడ్డీని తూకపు గుండు పట్టి నిటారుగా నిలబెట్టాను. నీడ ఎప్పుడు అన్నిటికంటే పొట్టిగా ఉందో సుద్దతో గీస్తాను. మనూళ్ళో నడినెత్తి పొద్దు పన్నెండింటికి రాదు. నవంబరు మొదట్లో 11:53 ప్రాంతంలోనే వచ్చేస్తుంది, ఫిబ్రవరి మధ్యకి 12:23 దాకా జరుగుతుంది. భూమి ఒరిగి ఉండటం, దాని దారి గుండ్రంగా లేకపోవడం, ఈ రెండూ కలిసి చేసే పని ఇది. ఏప్రిల్ చివరి వారంలో ఒక రోజు, ఆగస్టు మూడో వారంలో ఒక రోజు ఆ కడ్డీకి నీడే ఉండదు. సూర్యుడు సరిగ్గా నెత్తి మీద. ఆగస్టులో మబ్బు పట్టొచ్చు, ఏప్రిల్‌ని నమ్ముకోండి. ఎండ మాత్రం మాడు పగలగొడుతుంది.

ఆ అబ్జర్వేటరీ 1792లో కట్టారు. దాని గ్రానైట్ స్తంభం ఒకటి నుంగంబాక్కం కాలేజీ రోడ్డులో వాతావరణ కేంద్రం ఆవరణలో ఇప్పటికీ ఉంది. బరువు పది టన్నులట. దాని మీద లాటిన్‌తో పాటు తమిళం, తెలుగుల్లో కూడా చెక్కారు. వెయ్యేళ్ళ తర్వాత వచ్చేవాళ్ళకి తెలియాలని రాసిన మాట అది.

అడయార్ అమ్మమ్మ · సోమవారం, ఉదయం 10:45

పన్నెండింటికి నీడ కొలిచే అన్నయ్యగారూ, మీరు డాబా మీద సుద్దతో గీస్తుంటే కింద అన్నం వండేది ఎవరు? కోపంగా అడగట్లేదు, తెలుసుకుందామనే. మా ఆయన రిటైరయ్యాక ఆయనకి డ్యూటీ తగ్గింది, నాకు పెరిగింది. ఇదివరకు రోజుకి రెండు కాఫీలు, ఇప్పుడు నాలుగు. మధ్యాహ్నం నాకంటూ ఉన్న గంట కూడా "ఏంటి, పడుకున్నావా?"తో పోయింది. ఆడవాళ్ళకి రిటైర్మెంట్ ఆర్డర్ ఎవరిస్తారో కూడా ఎవరైనా రాయండి.

అయినా నాకూ ఒక పిచ్చి ఉంది. వంటింటి కిటికీ ఎదురుగా వేప చెట్టు. అందులో కాకి గూడు. మార్చి దాటితే కోకిలలు మొదలు. పొద్దున నాలుగున్నరకే కూ అని గొంతు చించుకునేది ఆడది కాదు, మగది. నల్లగా ఎర్ర కళ్ళతో ఉంటుంది. ఆడది గోధుమ రంగు, ఒళ్ళంతా తెల్ల చుక్కలు. చాలామంది దాన్ని చూసి కూడా కోకిల అనుకోరు. మగది కాకుల ముందుకెళ్ళి అల్లరి చేస్తుంది, కాకులు తరుముతాయి, ఆ సందులో ఆడది గూట్లోకి దూరి గుడ్డు పెట్టి వచ్చేస్తుంది. నేను చూశాను. కోకిల పిల్ల ముందు పొదుగుతుంది, కానీ కాకి పిల్లల్ని సాధారణంగా తోసేయదు. రెండూ కలిసే పెరుగుతాయి. ఎగరడం వచ్చాక కూడా ఆ చుక్కల పిల్ల కొమ్మ మీద కూర్చుని నోరు తెరుస్తుంది, కాకి తెచ్చి పెడుతుంది. తనది కాదని దానికి తెలియదో, తెలిసినా పట్టించుకోదో.

నా తెలివికి ఇది చాలు. సీరియల్ కంటే బాగుంటుంది.

పెరంబూరు లోకో · సోమవారం, ఉదయం 11:20

అమ్మా, క్షమించాలి, అన్నం నేనే వండుతాను. కుక్కర్ పెట్టి డాబా ఎక్కుతాను. మూడు విజిళ్ళకి దిగుతాను. కూర మాత్రం మా ఆవిడే.

అడయార్ అమ్మమ్మ · సోమవారం, ఉదయం 11:31

అదీ కూరే కదా అసలు పని.

మాంబళం ఆడిట్ · సోమవారం, మధ్యాహ్నం 2:15

అందరికీ ఒక మాట. వాన కొలవడానికి ప్రభుత్వం జీతాలిచ్చి మనుషుల్ని పెట్టింది. టైము ఫోన్‌లో కనబడుతుంది. అరవై దాటినవాళ్ళు చేయాల్సిన పనులు మూడు: వీలునామా రాయడం, బ్యాంకు ఖాతాలకి నామినీ పేర్లు సరిచూడటం, ప్రతి ఏడాదీ పింఛన్ కోసం లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడం. ఇవి చేశాక టైము మిగిలితే ఎక్కడైనా పార్ట్‌టైమ్ లెక్కలు చూడొచ్చు. మిగతాదంతా టైమ్‌పాస్.

విల్లివాక్కం వాసి · సోమవారం, మధ్యాహ్నం 2:40

అవును సార్, టైమ్‌పాసే. నేను అడిగింది అదే. (నామినీల సంగతి మాత్రం మంచి మాట, ఈ రోజే చూస్తాను.)

ఎగ్మూరు గళ్ళు · సోమవారం, రాత్రి 9:05

ఆలస్యంగా చూశాను. నేను గళ్ళనుడికట్టు మనిషిని, పేరులోనే ఉంది. పేపర్లో వచ్చేవి నింపడం దగ్గర మొదలై, తయారుచేయడం దాకా వెళ్ళి, ఇప్పుడు ఇంకో ఊబిలో దిగాను. అది చెప్తాను, కాస్త పెద్ద పోస్టు.

ఎగ్మూరు మ్యూజియంలో అమరావతి శిల్పాలు ఉన్నాయని చాలామంది తెలుగువాళ్ళకి తెలియదు. కొంతమందికి తెలిసినా కంచు విగ్రహాలు చూసి వెళ్ళిపోతారు. 1845లో వాల్టర్ ఎలియట్ అనే అధికారి అమరావతి స్తూపం దగ్గర తవ్వించి మద్రాసుకి తెప్పించిన పాలరాయి లాంటి సున్నపురాళ్ళు. కొన్ని తర్వాత లండన్ వెళ్ళాయి, బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మనకి మిగిలినవే ఒక పెద్ద గది నిండా ఉన్నాయి. నేను మొదట్లో బొమ్మలే చూసేవాణ్ణి. తర్వాత కొన్ని పలకల అంచున చిన్న చిన్న గీతలు కనబడ్డాయి. బ్రాహ్మీ లిపి. అక్కడ చిక్కుకున్నాను.

బ్రాహ్మీ మనం భయపడినంత కష్టం కాదు. 'క' అంటే కూడిక గుర్తు. 'ఠ' అంటే వట్టి సున్నా. 'న' అంటే అడ్డగీత మీద నిలువుగీత. 'గ' అంటే రెండు గీతలు పైన కలుస్తాయి. మన గుణింతం తెలిసినవాడికి దాని గుణింతం కూడా కొత్త కాదు, హల్లు ఒంటికి చిన్న కొమ్ము తగిలిస్తే అచ్చు మారిపోతుంది. కష్టం ఎక్కడంటే రాయి అరిగిపోయి, ఏది అక్షరమో ఏది దెబ్బో తెలియదు. భాష కూడా ప్రాకృతం. సంస్కృతం కాస్త వచ్చినవాళ్ళకి సగం దారి దొరుకుతుంది.

ఈ లిపి మనకి ఎలా తిరిగి దొరికిందో చూడండి, అచ్చం గళ్ళనుడికట్టే. కలకత్తా టంకశాలలో పనిచేసే జేమ్స్ ప్రిన్సెప్ 1837లో సాంచీ స్తూపం రాతల నకళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. అన్నీ చిన్నచిన్న రాతలు. దాదాపు ప్రతిదాని చివరా అవే రెండు అక్షరాలు. గుడికి వచ్చినవాళ్ళు రాయించే మాట ఏమై ఉంటుంది? ఫలానా వారి దానం! అలా 'ద', 'న' దొరికాయి. ఆ రెండు పట్టుకుని మిగతా గళ్ళు నింపుకుంటూ పోయాడు. నిలువు ఆధారం దొరికితే అడ్డం పడిపోయినట్టు. ఈ కథ తెలిశాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే నమ్మండి.

ఇప్పుడు నేను వెళ్ళి మొదట వెతికేది ఆ 'దానం' మాటే. అది దొరికితే దాని ముందు మనిషి పేరు ఉంటుంది. అమరావతి రాతల్లో రాజులు తక్కువ. గృహస్థులు, భిక్షుణులు, వర్తకులు, వాళ్ళ భార్యలు, కూతుళ్ళు. తోలుపని చేసే విధికుడు అనే ఆయన పూర్ణఘటం చెక్కిన పలక ఇచ్చాడని ఒక రాత ఉంది. రెండు వేల ఏళ్ళ నాటి మనిషి తన పేరు, తండ్రి పేరు, వృత్తి రాయించుకున్నాడు. మనం అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌కి చందా ఇచ్చి బోర్డు మీద పేరు చూసుకుంటాం కదా, అదే సరదా.

ఎండ ఎక్కువైతే పక్కనే కన్నెమరా లైబ్రరీ. 1896లో తెరిచింది. 1954 చట్టం ప్రకారం దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం ఒక ప్రతి అక్కడికి రావాలి, అంటే తెలుగు పుస్తకాలు కూడా. ప్రచురణకర్తలందరూ పంపిస్తారా అంటే అది వేరే కథ.

తిరువాన్మియూర్ టీచరమ్మ · సోమవారం, రాత్రి 9:50

గళ్ళు గారూ, మీరు పాఠం చెప్తే మేం విద్యార్థులం. వచ్చే శుక్రవారం వెళ్దామా?

ఎగ్మూరు గళ్ళు · సోమవారం, రాత్రి 9:58

శుక్రవారం మ్యూజియానికి సెలవమ్మా. శనివారం పిల్లల గోల. మంగళ, బుధవారాలు ప్రశాంతంగా ఉంటుంది. ఒక చిన్న టార్చి తెచ్చుకోండి. వెలుగు ఎదురుగా కాకుండా పక్కనుంచి పడితే అక్షరం లేచి కనబడుతుంది.

తిరువాన్మియూర్ టీచరమ్మ · సోమవారం, రాత్రి 10:15

సరే, బుధవారం. నాది రాత్రి పిచ్చి, అందుకే ఈ వేళకి మెలకువగా ఉన్నాను. జనవరి నుంచి తాబేళ్ళ నడక. స్టూడెంట్స్ సీ టర్టిల్ కన్సర్వేషన్ నెట్‌వర్క్ అని 1988 నుంచి కాలేజీ పిల్లలే నడుపుతున్నారు. నీలాంకరై నుంచి బీసెంట్ నగర్ దాకా ఇసుకలో రాత్రంతా నడక. ఆలివ్ రిడ్లీ తాబేలు ఒడ్డుకొచ్చి గొయ్యి తవ్వి, వంద గుడ్లకి అటూ ఇటూగా పెట్టి, కప్పెట్టి, వెనక్కి చూడకుండా సముద్రంలోకి పోతుంది. కుక్కలు, మనుషులు తీసుకుపోకుండా పిల్లలు ఆ గుడ్లని హేచరీకి మారుస్తారు. నెలన్నర, రెండు నెలల మధ్య పొదుగుతాయి. ఇసుక వేడి ఎక్కువైతే ఆడవి, తక్కువైతే మగవి పుడతాయని తెలిసినప్పుడు నేను నోరు వెళ్ళబెట్టాను, ఇన్నేళ్ళు జీవశాస్త్రం చెప్పి కూడా.

పిల్ల తాబేళ్ళు వెలుగు వైపు పాకుతాయి. ఒకప్పుడు రాత్రి ఒడ్డున వెలుగంటే సముద్రానిదే. ఇప్పుడు వీధిదీపాలు. అందుకని అవి రోడ్డు మీదికి వస్తాయి. మోకాళ్ళు బాగా లేనివాళ్ళు మొత్తం నడవక్కర్లేదు, హేచరీలో పిల్లల్ని వదిలే సాయంత్రం వెళ్ళినా చాలు. ఫోన్ ఫ్లాష్ మాత్రం వేయొద్దు, వేస్తే ఆ పిల్లలు మనల్ని క్లాసులోంచి బయటికి పంపినట్టు చూస్తారు.

బెంగళూరు కోడలు · మంగళవారం, ఉదయం 8:30

నమస్కారమండీ. నేను రిటైరవ్వలేదు, మా మామగారి కోసం చదువుతున్నాను. టెలిఫోన్స్ డిపార్ట్‌మెంట్‌లో చేశారు. కొట్టివాక్కంలో ఇద్దరే ఉంటారు. రోజంతా న్యూస్ ఛానళ్ళు, ఆ అరుపులకి అత్తయ్యగారికి బీపీ. ఆయనకి ఏదైనా హాబీ పెట్టించాలంటే ఎలా?

మాంబళం ఆడిట్ · మంగళవారం, ఉదయం 9:10

పెట్టించకమ్మా. నా కొడుకు నాకు పెయింటింగ్ సామాను కొనిచ్చాడు. అది అటక మీద ఉంది.

పెరంబూరు లోకో · మంగళవారం, ఉదయం 9:40

టెలిఫోన్స్ అంటే సోల్డరింగ్ పట్టిన చెయ్యి! అమ్మా, ఒక పాత మీడియం వేవ్ రేడియో, పనిచేయకపోయినా పరవాలేదు, తెచ్చి "మామయ్యగారూ, ఇది ఎందుకు మోగట్లేదో చూడండి" అని బల్ల మీద పెట్టి వచ్చేయండి. హాబీ అనే మాట ఎత్తొద్దు.

బాగయ్యాక రాత్రి పూట తిప్పమనండి. పగలు అందని దూరపు స్టేషన్లు చీకటి పడ్డాక అందుతాయి. పగలు పై ఆకాశంలో ఒక పొర మీడియం వేవ్‌ని మింగేస్తుంది, రాత్రి అది పలచబడి పై పొర తరంగాల్ని కిందికి తిప్పి పంపుతుంది. రేడియోని మెల్లగా తిప్పితే ఒక స్టేషన్ తగ్గి దాని వెనక ఇంకోటి వినబడుతుంది. లోపలున్న ఫెర్రైట్ కడ్డీ ఒక దిక్కునే బాగా పడుతుంది కాబట్టి. మా తరం తెలుగువాళ్ళం సిలోన్‌లో తెలుగు పాటలు అలా తిప్పుకునే విన్నాం. ఇప్పుడు ఇంట్లో ఎల్‌ఈడీ బల్బులు, ఛార్జర్లు చేసే గరగర పెద్ద శత్రువు. ఆ గరగర ఏ బల్బు నుంచి వస్తుందో ఒక్కొక్కటి ఆపి పట్టుకోవడమే ఆయనకి వారం పని. టీవీ కూడా ఆపాల్సి వస్తుంది.

అడయార్ అమ్మమ్మ · మంగళవారం, ఉదయం 9:52

ఆ ఆఖరి వాక్యం అత్తగారికి చదివి వినిపించమ్మా.

విల్లివాక్కం వాసి · మంగళవారం, ఉదయం 11:00

ఆడిట్ గారూ, అటక మీది పెయింటింగ్ సామాను సంగతి తెలిసింది. మరి మీ కాలక్షేపం?

మాంబళం ఆడిట్ · మంగళవారం, మధ్యాహ్నం 12:30

కాలక్షేపం ఏమీ లేదు. అరవై దాటినవాళ్ళకి ఎంటీసీ బస్సుల్లో నెలకి పది ఉచిత టోకెన్లు ఇస్తారు. అవి వృథా కాకూడదు కాబట్టి వాడుతున్నాను. ఎక్కిన బస్సు చివరి స్టాపు దాకా వెళ్ళి, వేళకి వచ్చిందో లేదో రాసుకుంటాను. 29సీ పెరంబూరు నుంచి బీసెంట్ నగర్ దాకా పోతుంది, ఊరు మొత్తం ఒకే కిటికీలోంచి చూడొచ్చు. మా ఆవిడకి మామూలు బస్సుల్లో టోకెన్ కూడా అక్కర్లేదు, ఆడవాళ్ళకి 2021 నుంచి ఉచితం. అందుకని ఆవిడ నాకంటే ఎక్కువ తిరుగుతోంది. ఇది హాబీ కాదు, తనిఖీ.

పెరంబూరు లోకో · మంగళవారం, మధ్యాహ్నం 12:41

పెరంబూరు వచ్చినప్పుడు చెప్పండి సార్. ఐసీఎఫ్ పక్కనే రైలు మ్యూజియం ఉంది, అదీ తనిఖీ చేద్దురుగాని. రాయపురం స్టేషన్‌కి కూడా తీసుకెళ్తాను. దక్షిణాదిలో మొదటి రైలు 1856 జులై 1న బయల్దేరింది అక్కడినుంచే.

మాంబళం ఆడిట్ · మంగళవారం, మధ్యాహ్నం 12:44

ఏ బస్సు?

తిరువాన్మియూర్ టీచరమ్మ · మంగళవారం, సాయంత్రం 5:20

లోకో గారూ, నిన్నటి నుంచి అడగాలనుకుంటున్నాను. నుంగంబాక్కం అబ్జర్వేటరీకీ 1868 గ్రహణానికీ సంబంధం ఉందంటారు కదా?

పెరంబూరు లోకో · మంగళవారం, సాయంత్రం 6:05

ఉందమ్మా, మన మచిలీపట్నానికి కూడా ఉంది. అబ్జర్వేటరీ పెద్ద పోగ్సన్ 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి మచిలీపట్నం వెళ్ళాడు. ఫ్రెంచి ఆయన జాన్సెన్ గుంటూరులో మకాం. అప్పుడు సూర్యుడి వెలుగుని రంగులుగా విడగొట్టి చూస్తే కనిపించిన పసుప్పచ్చ గీతే తర్వాత హీలియం అని తేలింది. ఆ అబ్జర్వేటరీలోనే చింతామణి రఘునాథాచారి అనే మన దేశపు మనిషి 1867లో వెలుగు మారే నక్షత్రాన్ని ఒకదాన్ని కనిపెట్టాడు. తేదీ గమనించారా? ఆగస్టు 18, మన నీడ లేని రోజు చుట్టుపక్కలే. కాకతాళీయమే అనుకోండి, నాకు మాత్రం సరదాగా ఉంటుంది.

విల్లివాక్కం వాసి · బుధవారం, ఉదయం 7:15

కొత్త సమస్య. సీసా అడుగు గుంటగా ఉంది కదా అని ఇంటర్నెట్‌లో చెప్పినట్టు గులకరాళ్ళు వేసి, సున్నా గీత దాకా నీళ్ళు పోసి పెట్టాను. నిన్న కార్పొరేషన్ నుంచి దోమల తనిఖీకి వచ్చినామె డాబా ఎక్కి, అందులో తోకపురుగులు చూపించి, తమిళంలో నన్ను కడిగేసింది. నేను వాతావరణ శాస్త్రం అంటే ఆమె డెంగ్యూ అంటుంది. ఏం చేయాలి?

పెరంబూరు లోకో · బుధవారం, ఉదయం 7:30

ఆమెదే కరెక్టు. గులకరాళ్ళు తీసేయండి. అడుగున కాస్త తెల్ల సిమెంటు కలిపి పోసి చదును చేయండి, ఆరాక దాని మీదినుంచి స్కేలు సున్నా. నిలవ నీళ్ళు అక్కర్లేదు. రోజూ 8:30కి కొలవగానే పారబోయండి, వాన లేకపోయినా ఒకసారి ఒంపండి. గుడ్డు దోమ కావడానికి వారం దాకా పడుతుంది, మీరు దానికి ఒక్క రోజే ఇస్తారు.

అడయార్ అమ్మమ్మ · బుధవారం, ఉదయం 7:48

పారబోసే నీళ్ళు తులసి కోటలో పోయండి. టీచరమ్మగారూ, మ్యూజియం ఈ రోజే కదా? మా ఆయనకి పులిహోర కలిపి పెట్టి నేనూ వస్తున్నాను. ఎన్నింటికి?

ఎగ్మూరు గళ్ళు · బుధవారం, ఉదయం 7:55

పదిన్నరకి గేటు దగ్గర. టార్చి మర్చిపోవద్దు.